జెట్ ఇంజనుకును రాకెట్ ఇంజనుకును భేదమేమి?



సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట మా మోత్కూర్ ప్రాంతమున ఒక పాఠశాలలో నేను తెలుగు పండితుడనుగా నుంటిని. మోత్కూర్ అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. ఆ యేడు సామాన్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు బదిలీయై వెడలిపోగా, మరియొకరు వచ్చువరకు ఎనిమిదవ తరగతికి ఆ పాఠమును గూడ నన్నే చెప్పుమనిరి. శబ్దమంజరితో చదువు మొదలిడినవాడను; న్యూటను సూత్రములు నాకు క్రొత్త. రాత్రి పుస్తకము చదివి పగలు చెప్పుచుండెడివాడను. దీపావళి వెళ్లిన మరునాడు రాకెట్టు పాఠము వచ్చినది. "తారాజువ్వ తన నిప్పుధారతో క్రిందనున్న గాలిని నెట్టును; ఆ గాలి దానిని మరల పైకి నెట్టును; కనుక అది ఎగురును" అని చెప్పితిని. బాగుగనే చెప్పితిననుకొంటిని.

వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "సార్, చంద్రుని కాడికి పోయేటప్పుడు నడుమ గాలి ఉండదు గద! మరి రాకెట్ దేన్ని నెడ్తది?" అని యడిగెను.

నాకు సమాధానము తెలియదు. తెలియదని యొప్పుకొనుటకు నోరు రాలేదు. "కూర్చో. ముందు పరీక్షకు వచ్చేది చదువుకో" అంటిని. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు వాడు మరల ఒక ప్రశ్న యడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు.

నేడు వాడు మా ఊరిలోనే మోటారు సైకిళ్లు బాగుచేయు దుకాణము నడుపుచున్నాడు. మొన్నటి కార్తికమాసమున నా బండి పొగలు చిమ్ముచుండగా వాని యొద్దకు తీసికొనిపోయితిని. ఆ సమయమున ఆకాశమున ఒక విమానము తెల్లని చార గీయుచు తూర్పునకు పోవుచుండెను. వాడు తలయెత్తి చూచి, "సార్, నేనడిగిన దానికి జవాబు ఇంకా రాలే" అని నవ్వెను. చేతిలో పాన పట్టుకొనియే అడిగెను. నేనిచ్చిన జవాబే నేటి యీ ప్రసంగము.

మొదట నా తప్పు దిద్దుకొందును. రాకెట్టు గాలిని నెట్టి యెగురుట లేదు. పుట్టియెక్కి చెరువులోనికి పోయినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పుట్టిలో పది రాళ్లు వేసికొని నీటినడుమకు పోయి, ఒక్కొక్క రాతిని బలముగా వెనుకకు విసరుడు. విసరిన ప్రతిసారియు పుట్టి కొంచెము ముందునకు జరుగును. (పుట్టి గుండ్రనిది గనుక గిరగిర తిరుగును గూడ, అది వేరు సంగతి.) ఆ రాయి పోయి గట్టునకు తగిలినదా, నీట బడినదా యను దానితో పుట్టికి పనిలేదు. రాయి చేతిని విడుచునప్పుడే పుట్టికి రావలసిన తోపు వచ్చివేసినది. ఒక వస్తువును ఒక దిక్కునకు త్రోసినచో, అది మనలను అంతే బలముతో ఎదుటి దిక్కునకు త్రోయునని న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథములోని మూడవ సూత్రము. రాకెట్టు తన కడుపులోని వాయువులనే రాళ్లుగా విసరుచున్నది. విసరుటయే దానికి ముఖ్యము. విసరినది దేనికి తగులునన్నది కాదు.

అంతేకాదు. గాలి యుండుట రాకెట్టునకు సహాయము కాదు, అడ్డు. ముందు గాలి దానిని నిరోధించును. వెనుక గాలి ఒత్తిడి దాని ధారను కొంత అణచును. అందువలన ఒకే ఇంజను నేలమీదికంటె శూన్యమున ఎక్కువ తోపు నిచ్చును. నేను చెప్పినదానికి ఇది సరిగా తలక్రిందు!

ఈ పొరపాటు చేసినవాడను నేనొక్కడనే కానని తరువాత తెలిసి కొంత యూరట చెందితిని. అమెరికా దేశమున రాబర్టు గొడ్డార్డు అను భౌతికశాస్త్రాచార్యుడు రాకెట్టు చంద్రుని వరకు పోగలదని వ్రాయగా, 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయనను పరిహసించుచు సంపాదకీయము వ్రాసెను. శూన్యమున నెట్టుటకు ఏమియు లేనప్పుడు రాకెట్టు ఎట్లు పోవునని దాని ఆక్షేపణ. ఉన్నత పాఠశాలలో నేర్పు పాటి జ్ఞానమైనను ఈయనకు లేదని ఎత్తిపొడిచెను. గొడ్డార్డు వాదమున దిగక పని చేసికొనెను. 1926 మార్చి 16న ఆయన పెట్రోలును, ద్రవముగా మార్చిన ప్రాణవాయువును నింపిన రాకెట్టును ఎగురవేసెను. అది రెండున్నర సెకనులు ఎగిరి, 41 అడుగుల యెత్తునకు పోయి, ఒక తోటలో పడెను. ఆ జాతి యంత్రములలో అదియే మొదటిది. 1969 జూలైలో అపోలో 11 చంద్రునికై బయలుదేరిన మరునాడు ఆ పత్రిక తన పొరపాటును ఒప్పుకొని సవరణ ప్రకటించెను. అప్పటికి నలువదితొమ్మిది యేండ్లు గడచినవి. గొడ్డార్డు 1945లోనే గతించెను. నా సవరణ వినుటకు నా శిష్యుడు దుకాణములో నా యెదుటనే యున్నాడు. ఆ పత్రికకంటె నేను అదృష్టవంతుడను.

ఇక అసలు విషయము. జెట్ విమానమును ఈ మూడవ సూత్రము చేతనే పోవును. జెట్ అనగా సన్నని మార్గమున వడిగా చిమ్ము ధార యని యర్థము. అదియు వాయుధారను వెనుకకు చిమ్మి ముందునకు పోవును, రాకెట్టును అట్లే. ఇట్లయినచో రెంటికి భేదమేమి?

ఈ ముడి విప్పినవాడు ఆ మెకానికే. నా బండి గుల్ల విప్పి, దుమ్ము పట్టి నల్లనైన ఏర్ ఫిల్టరును చేతికిచ్చి, "పెట్రోల్ ఎంతున్నా ఏం లాభం సార్, గాలి అందకపోతె బండి నడ్వది" అనెను. నేను దానిని పట్టుకొని కొంతసేపు ఊరకుంటిని. చెప్పవలసినదంతయు అందులోనే యున్నది.

మంట మండుటకు ఇంధనమొక్కటియే చాలదు, ప్రాణవాయువు కావలెను. మా చిన్ననాటి శాస్త్రపుస్తకములు దీనిని ఆమ్లజని యనెడివి. నేటి పిల్లలు ఆక్సిజన్ అందురు. గాలిలో బరువునుబట్టి చూచిన నూటికి 23 పాళ్లు ఇది. మిగిలినది చాలవరకు నత్రజని. వెలుగుచున్న కిరసనాయిలు బుడ్డిపై గాజుపాత్ర బోర్లించినచో చమురు మిగిలియుండగనే దీపము కొండెక్కును. విమానమున పోయు ఇంధనమును శుద్ధిచేసిన కిరసనాయిలే. అది ఒక కిలో పూర్తిగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. ఆ గాలిలో ప్రాణవాయువు సుమారు మూడున్నర కిలోలు. ఇంధనముకంటె దానిని మండించునది మూడు రెట్లకు పైగా బరువన్నమాట. మన మెన్నడును దానికి ధర చెల్లించి కొనలేదు గనుక దాని బరువు మనకు తెలియలేదు.

జెట్ ఇంజను ఈ ప్రాణవాయువును దారిపొడవునను ఆకాశమునుండి తీసికొనును. రాకెట్టు ఇంటివద్దనుండియే మోసికొనిపోవును. భేదమిదియే, మిగిలిన భేదములన్నియు దీనినుండి పుట్టినవే.

మరల పుట్టి యొద్దకు వత్తము. ఒకడు రాళ్లు నింపుకొని వచ్చి విసరుచున్నాడు. రెండవవాడు రాళ్లు తేలేదు. చెంబుతో ముందుభాగమున చెరువునీటినే తోడి, అంతకంటె వడిగా వెనుకకు చల్లుచున్నాడు. వీనికి మోత లేదు. చెరువున్నంతవరకు పని నడచును. మొదటివానికి మోత యెక్కువ, రాళ్లైపోగానే పని ఆగును. కాని చెరువు ఎండినను వానికి చింతలేదు. మొదటివాడు రాకెట్టు, రెండవవాడు జెట్టు. జెట్టు ఆకాశమునుండి తీసికొనునది ప్రాణవాయువు మాత్రమే కాదని గమనింపుడు. మండుటకు పనికిరాని నత్రజని కూడ వెనుకకు విసరుటకు పనికివచ్చును.

జెట్ ఇంజను లోపల ఏమి జరుగునో కొంచెము చెప్పెదను. ముందు ఒక పెద్ద పంకా. దాని వెనుక వరుసలు వరుసలుగా రెక్కల చక్రములు. ఇవి గాలిని లోనికి లాగి ముప్పది నలువది రెట్ల ఒత్తిడికి అదుమును. అదిమిన గాలి మంటగదిలో ప్రవేశించును. అచ్చట ఇంధనము తుంపరలై పడి ఎడతెగక మండును. మోటారు సైకిలులో మంట దెబ్బలు దెబ్బలుగా పుట్టి ఆరును. ఇచ్చట కొలిమివలె నిలిచి మండును. కాగి ఉబ్బిన వాయువు వెనుకకు పరుగెత్తుచు, దారిలో టర్బైను అను మరియొక రెక్కల చక్రమును త్రిప్పి, పిమ్మట వెలుపలికి చిమ్మును. టర్బైనుకును ముందరి చక్రములకును ఇరుసు కలసియుండుటచే, వెనుకది తిరిగిన ముందరివి తిరిగి మరల గాలిని లోనికి లాగును. మొదట ఇరుసును త్రిప్పుటకు మాత్రము బయటి సహాయము కావలెను. "కిక్కు కొట్టినట్టే" అని మా మెకానికు.

ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ 1930లో దీనికి పేటెంటు కోరెను. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ చేసిన ఇంజనుతో 1939 ఆగష్టు 27న మొదటి జెట్ విమానము ఎగిరెను. మరియైదు దినములకు ప్రపంచయుద్ధము మొదలైనది.

నేటి ప్రయాణికుల విమానములందు గాలి యంతయు మంటగదిలోనికి పోదు. గర్భములోనికి పోవునది ఒక పాలైన, ముందరి పంకా చుట్టుప్రక్కలనుండి వెనుకకు త్రోయునది తొమ్మిది పది పాళ్లు వరకు నుండును. దీనికొక లెక్క కలదు. కొంచెము వాయువును మిక్కిలి వడిగా విసరినను, ఎక్కువ వాయువును మెల్లగా విసరినను ఒకే తోపు రావచ్చును. కాని బరువు రెండింతలు చేసి వడి సగము చేసినచో ఖర్చగు శక్తి సగమే. గాలి ఉచితముగా దొరకుచున్నప్పుడు ఎక్కువ తీసికొని నెమ్మదిగా విసరుటయే గృహస్థునకు తగిన పద్ధతి. రాకెట్టునకు ఆ వెసులుబాటు లేదు. మోసితెచ్చిన ప్రతి పలుకును ఎంత వడిగా వీలైన అంత వడిగా విసరవలెను.

టర్బైను రెక్కల సంగతి చెప్పక విడువలేను. మంటగదినుండి వచ్చు వాయువు వేడి 1,500 డిగ్రీలు దాటును. ఆ రెక్కలు చేయు నికెలు మిశ్రలోహము అంతకు లోబడియే కరగును. కరుగవలసిన రెక్క కరుగక గంటలకొలది ఎట్లు తిరుగుచున్నది? రెక్కలో సన్నని రంధ్రములు తొలిచి, చల్లని గాలిని దాని లోపలినుండి ప్రవహింపజేయుదురు. రెక్క మొత్తమును ఒకే స్ఫటికముగా పోతపోయుదురు. ఈ ఏకస్ఫటిక విద్యను హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనశాలవారు సాధించి, హెలికాప్టరు ఇంజనుకై 60 రెక్కలు చేసి యిచ్చినట్లు 2021లో ప్రకటించిరి. హెలికాప్టరు ఇంజను జెట్టునకు తోబుట్టువే.

రాకెట్టు వేడి ఇంతకు రెట్టింపు. కాని దాని ఆయుష్షు నిమిషములలో తీరును, జెట్టునకు వేలగంటలు పనిచేయవలెను. కొన్ని రాకెట్లలోను ఇంధనమును తోడు పంపులను త్రిప్పుటకు టర్బైను లుండును. కనుక చక్రములున్నది జెట్టు, లేనిది రాకెట్టు అని గుర్తుపెట్టుకొనరాదు.

తారాజువ్వలో మందు ఏమిటి? సురేకారము, బొగ్గు, గంధకము. నూటికి 75 పాళ్ల వరకు సురేకారమే. మండునవి బొగ్గును గంధకమును. సురేకారము ప్రాణవాయువును తన యుప్పులో బంధించి పెట్టుకొన్నది. నిప్పు తగులగానే విడిచిపెట్టును. అందుచేత గట్టిగా దట్టించిన గొట్టములో బయటి గాలి చొరకున్నను మందు మండును. (బాలురు దీనిని పరీక్షింప బూనవలదు, నా మాట నమ్మిన చాలును.) రాకెట్ అను పేరును ఈ గొట్టపు రూపమునుబట్టియే వచ్చినది. ఇటలీవారి భాషలో నూలు చుట్టు కండెకు చెప్పు మాటనుండి అది పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. మా ప్రాంతపు నేతగాండ్ర యిండ్లలో కండెను చూచినవారికి ఈ పోలిక వేరుగ చెప్పనక్కరలేదు.

శ్రీహరికోటనుండి లేచు మహారాకెట్టును ఈ జువ్వకు బంధువే. అచ్చటినుండి మొదటి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరెను. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసికొనిపోయినది 640 టన్నుల రాకెట్టు. దాని ఇరుప్రక్కల నున్న గొట్టములలో ఒక్కొక్కదానియందు 200 టన్నులకు పైగా గట్టిమందు. అందు సురేకారమునకు బదులు అమ్మోనియం పర్‌క్లోరేటు అను ఉప్పు. బొగ్గునకు బదులు అల్యూమినియము పొడియు రబ్బరువంటి జిగురును. తుది అంతస్తులో ద్రవముగా చేసిన ఉదజని, ద్రవముగా చేసిన ఆమ్లజని. మొదటిది మైనస్ 253 డిగ్రీల చలిలోను, రెండవది మైనస్ 183 డిగ్రీల చలిలోను గాని ద్రవముగా నిలువవు. ఒక కిలో ఉదజని పూర్తిగా మండుటకు 8 కిలోల ఆమ్లజని కావలెను. ఆచరణలో అయిదారు కిలోలు వాడుదురు. ఈ విద్య మనవారికి సులభముగా చేజిక్కలేదు. స్వదేశములో చేసిన ఇట్టి ఇంజను 2014 జనవరి 5న గాని ఆకాశమున జయము పొందలేదు.

640 టన్నులలో మందులు, ద్రవములు కలిపి ఇంచుమించు 550 టన్నులు. చంద్రునికై పోయిన సరుకు నాలుగు టన్నులలోపు. ప్రాణవాయువును మోయుటకు చెల్లించు సుంకమెట్టిదో చూచితిరి గదా!

అయిన ఆ విమానము మెల్లగా పైపైకి పోయి చంద్రుని చేరరాదా యని మెకానికు అడిగెను. చెరువు ఎండిపోవును గనుక చేరలేదు. విమానములు పోవు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమీది దానిలో మూడవ వంతు, నాలుగవ వంతు. ముప్పది కిలోమీటర్లకు నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. పీల్చుటకును లేదు, రెక్కలను మోయుటకును లేదు. ఇక వడి. విమానము గంటకు 900 కిలోమీటర్లు పోవును. భూమి చుట్టు కక్ష్యలో నిలుచుటకు సుమారు 28,000 కావలెను. హైదరాబాదులోని స్కైరూట్ అను సంస్థవారి రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి 89 కిలోమీటర్లకు పైగా ఎత్తునకు పోయినది. అది ఆరు మీటర్ల పొడవు గల చిన్నది. ఏ పెద్ద జెట్ విమానమును అంత యెత్తునకు ఎక్కలేదు.

నా వంటి పండితులు ఇచ్చట పుష్పకమును తలచుకొనుట కలదు. అది తలచిన చోటికి పోయెడిదని కవి చెప్పినాడు గాని అందేమి పోసిరో చెప్పలేదు. నేనును చెప్పను.

బండి బిగించుట ముగియుచుండగా వాడు మరియొక ప్రశ్న వేసెను. ముప్పది యేండ్లు దాచుకొన్న ప్రశ్నలు వానివద్ద ఇంకెన్ని యున్నవో! "కింద ఉన్నంతసేపు గాలి పీల్చుకుంట పోయి, గాలి అయిపోయినంక టాంకిలది తాగే ఇంజను ఒకటి చెయ్యొచ్చు గద సార్?"

ఈసారి కూర్చోమనలేదు. ఆ ప్రయత్నమే జరుగుచున్నదని చెప్పితిని. ధ్వనికి అయిదారు రెట్ల వడితో పోవునప్పుడు గాలిని అదుముటకు చక్రములే అక్కరలేదు. ఇంజను నోటిలో గాలి తనంతట తానే క్రిక్కిరిసి అణగును. అందులో ఇంధనము చల్లి మండించిన చాలును. దీనికి స్క్రామ్‌జెట్ అని పేరు. కష్టమేమన, ఇది నిలిచియున్న చోటనుండి బయలుదేరలేదు. ఆ వడి ముందే యుండవలెను. అందుచే రాకెట్టు దానిని మోసికొనిపోవలెను. 2016 ఆగష్టు 28న ఉదయము శ్రీహరికోటనుండి మూడు టన్నులకు పైగా బరువుగల రాకెట్టు రెండు స్క్రామ్‌జెట్‌లను పైకి తీసికొనిపోయెను. సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి ఆరు రెట్ల వడిలో, అవి బయటి గాలినే పీల్చి మండినవి.

"ఎంతసేపు?"

"అయిదు సెకనులు."

వాడు నవ్వలేదు. అంతటి గాలివానలో మంట ఆరకుండ నిలుపుట ఎట్టిదో బండ్లు బాగుచేయువానికి తెలియును. తరువాత 2025 ఏప్రిల్ 25న హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలో, నేలమీద బిగించిన ఇట్టి మంటగది ఒకటి వేయి సెకనులకు పైగా మండినదని చెప్పితిని. "ఆకాశంల కాదు గద?" అనెను. కాదంటిని. వాడు ఏర్ ఫిల్టరు క్రొత్తది వేసి, పాతదానికి మాత్రము డబ్బు పుచ్చుకొనక, బండికి కిక్కు కొట్టి నాకు అప్పగించెను.

ఇక సెలవు.